ముందు చక్రాలకు పని చెప్పడం

వాన వెలిసిన మట్టి రోడ్డులో ఖాళీ పికప్ బండి దిగబడితే చుట్టూ చేరినవాళ్లు ముందుగా చేసే పని ఒకటుంది. నలుగురు మనుషులు వెనక తొట్టిలోకి ఎక్కి నిలబడతారు. మనుషులు లేకపోతే బండరాళ్లో ఇసుక బస్తాలో తెచ్చి వేస్తారు. బరువు పెరిగితే బండి ఇంకా కూరుకుపోవాలి కదా? చాలాసార్లు అలా జరగదు. చక్రం నేలను పట్టుకుంటుంది, బండి బయటికి వస్తుంది.

బండి ఆగిపోయింది ఇంజిన్‌లో శక్తి చాలక కాదు. శక్తి ఉండబట్టే వెనక టైర్లు గిర్రున తిరుగుతూ బురద చిమ్ముతున్నాయి. కరువైంది నేల మీద పట్టు. ఆ పట్టు చక్రం మీద పడే బరువును బట్టి వస్తుంది. పికప్‌లో ఇంజిన్, గేరుబాక్సు, క్యాబిన్, డ్రైవరు అన్నీ ముందు భాగంలోనే ఉంటాయి. వెనక ఉండేది ఖాళీ తొట్టి. తొట్టి నిండా సరుకు ఉన్న రోజు వెనక చక్రాలకు బరువు దండిగా ఉంటుంది, ఏ ఇబ్బందీ రాదు. సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు బరువున్న చక్రాలు ఊరికే దొర్లుతాయి, బరువు లేని చక్రాలు నెట్టే పని చేయాలి.

టూ వీల్ డ్రైవ్ పికప్‌ను ఫోర్ వీల్ డ్రైవ్‌గా మార్చడమంటే ముందు చక్రాల మీద ఇన్నాళ్లూ ఊరికే పడి ఉన్న బరువును పనిలోకి దించడం. ఇంజిన్‌కు ఒక్క గుర్రపు బలం కూడా అదనంగా రాదు. ఈ ఒక్క విషయం పట్టుబడితే ఆ మార్పిడిలో ప్రతి గేరూ ప్రతి కీలూ అక్కడ ఎందుకున్నాయో తెలుస్తుంది.

ఒక చిన్న లెక్క

ఖాళీ పికప్ బరువు 1,600 కిలోలు అనుకుందాం. అందులో 900 కిలోలు ముందు చక్రాల మీద, 700 కిలోలు వెనక చక్రాల మీద పడుతున్నాయి. తడి మట్టికీ టైరుకూ మధ్య ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. అంటే చక్రం మీద ఉన్న ప్రతి 100 కిలోల బరువుకు 30 కిలోల నెట్టుడు బలం దొరుకుతుంది. అంతకు మించి నెట్టబోతే టైరు జారిపోతుంది. ఈ లెక్కన వెనక చక్రాలు రెండూ కలిసి నెట్టగలిగేది 210 కిలోల బలంతో.

ఆ 210 కూడా పూర్తిగా చేతికి రాదు. మెత్తటి నేలలో టైరు కొంత కూరుకుపోయి, ఎదురుగా ఉన్న మట్టిని నొక్కుకుంటూ దొర్లాలి. ఈ అడ్డు బండి బరువులో పదో వంతు ఉంటుందనుకుంటే 160 కిలోలు దానికే పోతాయి. మిగిలేది 50. ఆ 50 కిలోల బలంతో 1,600 కిలోల బండి వంద మీటర్ల దూరానికి 3 మీటర్ల ఎత్తు లేచే వాలు మాత్రమే ఎక్కగలదు. కంటికి దాదాపు చదునుగా కనిపించే నేల అది.

ఇప్పుడు నాలుగు చక్రాలూ నెడుతున్నాయనుకుందాం. బండి బరువంతా పనికొస్తుంది కాబట్టి 480 కిలోల బలం దొరుకుతుంది. మట్టి అడ్డుకు 160 పోగా 320 మిగులుతుంది. వంద మీటర్లకు 20 మీటర్ల ఎత్తు లేచే వాలు ఎక్కవచ్చు. పట్టు పెరిగింది రెండింతలకు పైచిలుకు. ఎక్కగలిగిన వాలు మాత్రం ఆరు రెట్లు దాటింది. కారణం తేలికే: మట్టి అడ్డు రెండు సందర్భాల్లోనూ ఒకటే. పెరిగిన పట్టంతా ఎత్తు ఎక్కడానికే మిగిలింది.

ఎత్తు ఎక్కేటప్పుడు బరువు కొంత వెనక్కి జరుగుతుంది కనుక అసలు అంకెలు కొద్దిగా మారతాయి. తేడా మాత్రం ఇంచుమించు ఇంతే ఉంటుంది. ఈ లెక్కలోకి రాని లాభం ఇంకొకటి ఉంది. నడక లేని ముందు చక్రం గుంతలో పడితే, వెనక నుంచి నెట్టే బలం దాన్ని గుంత గోడకేసి అదుముతుంది. అదే చక్రానికి తనంతట తాను తిరిగే బలం ఉంటే గోడను పట్టుకుని పైకి పాకుతుంది.

క్లింటన్‌విల్ నుంచి మినియాపొలిస్ దాకా

లాభం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు మొదటి రోజు నుంచే అన్ని బండ్లనూ ఇలా ఎందుకు చేయలేదు? ముందు చక్రం అప్పటికే ఒక పని చేస్తోంది. అది పక్కకు తిరుగుతూ బండికి దారి చూపిస్తుంది. పక్కకు తిరిగే చక్రానికి ఇంజిన్ బలాన్ని అందించాలంటే మధ్యలో కీలు ఉండాలి. ఆ కీలు వంగుతూనే గిరగిరా తిరగాలి, తిరుగుతూనే బరువు మోయాలి.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని క్లింటన్‌విల్ అనే చిన్న ఊళ్లో ఒట్టో జాకౌ, విలియం బెసర్‌డిక్ అనే బావమరుదులు ఇనుప పనుల దుకాణం నడిపేవారు. ముందు చక్రానికి బలాన్ని అందిస్తూనే దాన్ని పక్కకు తిరగనిచ్చే కీలును వాళ్లు తయారుచేశారు. 1908లో దానికి పేటెంట్ వచ్చింది. దాని మీద నిలబడిన కంపెనీ ఎఫ్‌డబ్ల్యుడి. ఆ మూడక్షరాలు ఫోర్ వీల్ డ్రైవ్‌కు పొడి అక్షరాలే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ కంపెనీ లారీలు వేల సంఖ్యలో బురద దారుల్లో సైన్యాలకు సరుకు మోశాయి.

అవి మొదటి నుంచీ నాలుగు చక్రాల నడకకే కట్టిన బండ్లు. బజారులో దొరికే మామూలు బండిని తెచ్చి మార్చడం వేరే విద్య. ఆ విద్యను పెద్ద ఎత్తున వ్యాపారంగా చేసింది మార్మన్-హెరింగ్టన్. 1931లో ఇండియానాపొలిస్‌లో మొదలైన ఈ కంపెనీ 1935 నుంచి ఫోర్డ్ లారీలను అన్ని చక్రాలూ నడిచేలా మార్చి అమ్మింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి జీపు తిరిగొచ్చాక, అలాంటి బండి ఏమేం చేయగలదో పల్లెల్లో వాళ్లకు కూడా తెలిసింది. 1946లో డాడ్జ్ కంపెనీ తన సైనిక లారీని పౌరుల కోసం పవర్ వ్యాగన్ పేరుతో తెచ్చింది. 1947లో విల్లిస్ కంపెనీ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ తెచ్చింది. షెవ్రొలే, జిఎంసి పికప్‌లు కొనే రైతులకూ అడవి పనివాళ్లకూ మాత్రం కంపెనీ తయారీలో ఆ సదుపాయం లేదు.

ఆ లోటును మినియాపొలిస్ నగరంలోని నార్త్‌వెస్టర్న్ ఆటో పార్ట్స్ కంపెనీ తీర్చింది. జనం నాప్కో అనే పిలిచేవారు. శీతాకాలమంతా మంచు, వసంతంలో మంచు కరిగిన బురద ఉండే ప్రాంతం అది. నాప్కో అమ్మిన పవర్-పాక్ కిట్‌లో మామూలు షెవ్రొలే పికప్‌ను మార్చడానికి కావలసినవన్నీ ఉండేవి. ఛాసిస్‌ను కోసి మళ్లీ కట్టే పని లేకుండా బోల్టులతో బిగించుకునేలా దాన్ని రూపొందించారు. కిట్ ఎంత బాగా నిలబడిందంటే 1956లో జిఎంసి, 1957లో షెవ్రొలే ఫ్యాక్టరీలోనే దాన్ని బిగించి అమ్మడం మొదలుపెట్టాయి. బయటివాళ్లు చేసిన మార్పును అసలు తయారీదారే తన కొలిమిలోకి తెచ్చుకున్నాడన్నమాట.

మధ్యలో ఒక కొత్త పెట్టె

ఈ మార్పిడికి కావలసినవి మూడు. బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె, దాన్నుంచి ముందుకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్, నడుస్తూ తిరగగల ముందు ఇరుసు.

పంచే పెట్టెను ట్రాన్స్‌ఫర్ కేస్ అంటారు. గేరుబాక్సు నుంచి వచ్చిన బలం ఇందులోకి వెళ్లి రెండు దారులుగా బయటికొస్తుంది. వెనక దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ముందు దారి డ్రైవరు లివరు వేసినప్పుడే కలుస్తుంది. నాప్కో ట్రాన్స్‌ఫర్ కేస్‌ను గేరుబాక్సుకు నేరుగా అతికించలేదు. కాస్త వెనక ఛాసిస్‌కు వేలాడదీసి, రెండింటినీ ఒక పొట్టి షాఫ్ట్‌తో కలిపారు. దీంతో పాత గేరుబాక్సును కదిలించే పని తప్పింది. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ మాత్రం ఆ మేరకు పొట్టిది కావాలి. పొట్టి షాఫ్ట్ అదే ఎత్తు తేడాను తక్కువ దూరంలో దాటాలి కాబట్టి దాని కీళ్లు ఎక్కువగా వంగుతాయి. ఒకచోట సర్దుబాటు చేస్తే ఇంకోచోట అడిగే ఈ గుణం మార్పిడి పొడుగునా కనిపిస్తుంది.

ఈ పెట్టెలో మరో మేలు కూడా ఉంది. చాలా ట్రాన్స్‌ఫర్ కేసుల్లో లో రేంజ్ అనే రెండో గేరు జత ఉంటుంది. పాత టయోటా పికప్‌లలో దాని నిష్పత్తి 2.28. అంటే ఇంజిన్ అదే వేగంతో తిరుగుతున్నా బండి వేగం సగానికంటే తగ్గుతుంది, చక్రం దగ్గర తిప్పే బలం 2.28 రెట్లు అవుతుంది. దీనివల్ల నేల పట్టు పెరగదు. పట్టు బరువుతోనే వస్తుంది. ఉన్న పట్టును తొందరపడి పోగొట్టుకోకుండా, రాయి మీదికి అంగుళం అంగుళంగా బండిని పాకించే నిదానం మాత్రం లో రేంజ్‌తోనే వస్తుంది.

తిరుగుతూ నడిచే చక్రం

మార్పిడిలో అసలైన కష్టం ముందు ఇరుసు. వెనక ఇరుసు గొట్టంలో రెండు కడ్డీలు నిటారుగా ఉంటాయి, నడుమ బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ ఉంటుంది. ముందు ఇరుసుకు అవి చాలవు. రెండు చివర్లా చక్రం పక్కకు తిరిగే చోట కడ్డీ కూడా వంగాలి.

వంగే కీళ్లలో అందరికీ తెలిసినది లారీల ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర కనిపించే క్రాస్. రెండు కడ్డీల పంగ కొసలను కూడిక గుర్తు ఆకారంలోని ఇనుప ముక్క కలుపుతుంది. పదహారో శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు, పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరు ఈ కీలుతో ముడిపడి ఉన్నాయి. చవక, గట్టి, బాగుచేయడం తేలిక. దీనికో లోపం ఉంది. వంగి తిరుగుతున్నప్పుడు లోపలికి వచ్చే వేగం నిలకడగా ఉన్నా బయటికెళ్లే వేగం నిలకడగా ఉండదు. 30 డిగ్రీలు వంగితే బయటి కడ్డీ వేగం ఒక దశలో 13 శాతం తగ్గుతుంది, పావు చుట్టు తిరిగాక 15 శాతం పెరుగుతుంది. చక్రం ఒక్కసారి తిరిగేలోపు ఈ హెచ్చుతగ్గులు రెండేసి సార్లు వస్తాయి. స్టీరింగు పూర్తిగా తిప్పి గట్టి నేల మీద వెళ్తే ఈ కుదుపు డ్రైవరు చేతికి తెలుస్తుంది, కీలు మీద దెబ్బలా పడుతుంది.

దీనికి విరుగుడు 1920ల్లో దొరికింది. ఫోర్డ్ కంపెనీలో ఇంజనీరుగా పనిచేసిన ఆల్ఫ్రెడ్ జెప్పా ఒక కీలును రూపొందించాడు. లోపలి గోళంలో ఆరు గాడులు, బయటి గిన్నెలో ఆరు గాడులు ఉంటాయి. వాటి నడుమ ఆరు ఉక్కు గుండ్లు కూర్చుంటాయి. బలం ఈ గుండ్ల ద్వారానే ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి వెళ్తుంది. కీలు ఎంత వంగినా ఈ గుండ్లన్నీ రెండు కడ్డీల మధ్య కోణాన్ని సరిగ్గా సగం చేసే తలంలోనే ఉండేలా అమరిక ఉంటుంది. బలం చేతులు మారే చోటు రెండు కడ్డీలకూ సమదూరంలో ఉంటుంది కాబట్టి రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. అదే కాలంలో ఫ్రాన్స్‌లో గ్రెగ్వార్, ఫెనాయ్ అనే ఇద్దరు ట్రాక్టా అనే వేరే రకం కీలుతో ఇదే ఫలితం సాధించారు. ఇప్పుడు మన రోడ్ల మీద ముందు చక్రాలు నడిపే చిన్న కార్లన్నింటిలో జెప్పా కీలు సంతతే తిరుగుతోంది.

అయితే అమెరికా పికప్‌లలో చాలావాటి ముందు ఇరుసుల్లో చాలాకాలం మామూలు క్రాసే వాడారు. బురదలోనో మంచులోనో ఉన్నప్పుడే ముందు చక్రాలు నడుస్తాయి, అక్కడ టైరు కాస్త జారుతూ ఆ కుదుపును మింగేస్తుంది కాబట్టి సరిపోయింది. టయోటా తన బండ్లలో జెప్పా రకాన్నే పెట్టింది.

ముందు ఇరుసులో పైకి కనపడని చిక్కు ఇంకొకటుంది. వెనక డిఫరెన్షియల్‌లో షాఫ్ట్ నుంచి బలం అందుకునే పినియన్ గేరు ముఖం బండి ముందు వైపు ఉంటుంది. అదే డిఫరెన్షియల్‌ను ముందు పెట్టాలంటే ముఖం వెనక్కి తిప్పాలి. అలా తిప్పినా చక్రాలు సరైన దిశలోనే తిరుగుతాయి. కానీ పినియన్ పళ్లూ, అది తిప్పే క్రౌన్ గేరు పళ్లూ ఇప్పుడు రెండో వైపు నుంచి ఒరుసుకుంటాయి. గేరు పన్ను రెండు వైపులా ఒకే బలంతో ఉండదు. ముందుకు నెట్టే వైపు బరువు మోయడానికి చెక్కింది, రెండో వైపు రివర్సులో వెళ్లడానికి చెక్కింది. బండి ముందుకు వెళ్తున్నంతసేపూ పళ్లు తమ బలహీనమైన వైపుతో పనిచేస్తాయన్నమాట. అందుకే తరవాతి కాలంలో ముందు ఇరుసుల కోసమే పళ్లను ఎదురు దిశలో చెక్కిన గేర్లు వచ్చాయి.

డిఫరెన్షియల్ గుండు కూడా ఇరుసు నడుమ ఉండలేదు. పైన ఇంజిన్ ఆయిల్ చాంబరు ఉంది కాబట్టి అది ఒక పక్కకు జరగాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందుకొచ్చే షాఫ్ట్ కూడా అదే పక్క ఉండాలి. ఒకటి కుడి పక్క, ఇంకొకటి ఎడమ పక్క ఉన్న సామాను పాత ఇనుము బజారులో చవకగా దొరికినా పనికిరాదు.

రెండు కోణాల తగాదా

ముందు చక్రం పక్కకు తిరిగే కింగ్ పిన్ సరిగ్గా నిలువుగా ఉండదు. పైభాగం కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది. ఈ వాలును కాస్టర్ అంటారు. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను నేరుగా రావడానికీ, వేగంగా వెళ్లేటప్పుడు బండి దారి తప్పకుండా ఉండడానికీ ఇదే కారణం.

ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు చూద్దాం. అది ఎత్తులో ఉంది, ముందు ఇరుసు కిందుంది. షాఫ్ట్ కీలు ఎక్కువగా వంగకూడదంటే డిఫరెన్షియల్ ముక్కును పైకెత్తాలి, అంటే ఇరుసునే కొద్దిగా చుట్టాలి. ముక్కు పైకి లేచేలా ఇరుసును చుడితే, అదే గొట్టం చివర ఉన్న కింగ్ పిన్‌లు కూడా దానితోపాటు కదులుతాయి. కాస్టర్ తగ్గిపోతుంది. షాఫ్ట్ హాయిగా తిరుగుతుంది, స్టీరింగు మాత్రం తూలుతుంది. కాస్టర్ సరిచేస్తే షాఫ్ట్ కీలు నలిగిపోతుంది. బండిని మరీ ఎత్తుగా లేపినచోట ఈ తగాదా ముదురుతుంది. పనితనం తెలిసినవాళ్లు ఇరుసు చివర కింగ్ పిన్‌లుండే నకిల్‌లను కోసి, కావలసిన కోణానికి తిప్పి, మళ్లీ వెల్డు చేస్తారు. స్టీరింగుకూ బ్రేకులకూ ఆధారమైన భాగం అది. వెల్డింగు వచ్చినంత మాత్రాన చేపట్టకూడని పని.

పొడి రోడ్డు మీద బిగుసుకునే బండి

లివరు వేసి ముందు ఇరుసును కలిపితే ముందు, వెనక షాఫ్ట్‌లు ఒకదానితో ఒకటి కట్టివేసినట్టే. ఇక రెండూ ఒకే వేగంతో తిరగాలి. ఇక్కడి నుంచి రెండు నియమాలు పుడతాయి.

మొదటిది: ముందు, వెనక డిఫరెన్షియల్‌ల గేరు నిష్పత్తి ఒక్కటిగానే ఉండాలి. వెనక 41 పళ్లకు 10 పళ్లున్న జత, ముందు 41 పళ్లకు 11 పళ్లున్న జత ఉందనుకుందాం. చూడడానికి తేడా ఒక్క పన్ను. కానీ మొదటిది 4.10, రెండోది 3.73. షాఫ్ట్‌లు ఒకే వేగంతో తిరిగితే ముందు చక్రాలు వెనక చక్రాలకంటే 10 శాతం వేగంగా పోదామంటాయి. ఎక్కడో ఒక టైరు అరుగుతూ జారాలి, లేకపోతే ఏదో ఒక గేరు విరగాలి. టైర్ల చుట్టుకొలత కూడా నాలుగింటికీ సమానంగా ఉండాలన్నది ఇందుకే. నాప్కో ముందు ఇరుసులో షెవ్రొలే డిఫరెన్షియల్ సామానునే వాడడంతో నిష్పత్తులు కలపడం, విడిభాగాలు దొరకడం రెండూ తేలికయ్యాయి.

రెండో నియమం మలుపుల్లో తెలుస్తుంది. కళ్లంలో పశువులను వరసగా కట్టి వరి మీద తిప్పేటప్పుడు నడిమి గుంజకు దగ్గరున్న ఎద్దు నింపాదిగా అడుగులేస్తుంది, చివరి ఎద్దు పరుగెత్తాలి. బండి మలుపులో కుడి, ఎడమ చక్రాల సంగతీ అంతే. ఆ తేడాను సర్దడానికే ప్రతి ఇరుసులోనూ డిఫరెన్షియల్ ఉంది. అయితే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య కూడా ఇలాంటి తేడా ఉంటుంది. ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లున్న బండి వెనక ఇరుసు 6 మీటర్ల వ్యాసార్ధంతో మలుపు తిరిగితే, ముందు ఇరుసు గీసే వలయానికి వ్యాసార్ధం 6.7 మీటర్లు. అంటే ముందు చక్రాలు దాదాపు 12 శాతం ఎక్కువ దూరం వెళ్లాలి. మామూలు ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఈ తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు.

బురదలో టైరు కాస్త జారి ఆ 12 శాతాన్ని తనే సర్దుకుంటుంది. పొడి తారు రోడ్డు మీద జారడానికి వీలుండదు. తేడా అంతా షాఫ్ట్‌లలో మెలికగా పేరుకుంటుంది. బండి బ్రేకు పట్టినట్టు బరువెక్కుతుంది, లివరు వెనక్కి రాదు, చివరికి ఏదో ఒకటి తెగుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్‌ను గట్టి రోడ్డు మీద వేయవద్దని డ్రైవర్లకు పదే పదే చెప్పేది ఈ మెలిక వల్లే. మార్చిన బండి కొనుక్కున్నవారు ముందుగా నేర్చుకోవలసిన క్రమశిక్షణ ఇది.

లివరు తీసేసినా ముందు కడ్డీలు, డిఫరెన్షియల్, షాఫ్ట్ చక్రాలతోపాటు వృథాగా తిరుగుతూనే ఉంటాయి. అరుగుదలా ఇంధనమూ దండగ. యుద్ధం తరవాత జనం చేతికొచ్చిన జీపుల్లో ఈ ఇబ్బంది చూసి ఆర్థర్ వార్న్ 1948లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కంపెనీ పెట్టి, చక్రాన్ని కడ్డీ నుంచి విడదీసే హబ్బులను అమ్మాడు. చక్రం నడుమ ఉన్న మీటను చేత్తో తిప్పితే చాలు. బురద ముందు ఆగి రెండు హబ్బులు బిగించడం, రోడ్డెక్కాక విప్పడం తరవాతి కొన్ని దశాబ్దాల పాటు డ్రైవర్లకు అలవాటైంది.

కమాన్ కట్టలు పోయాక

నాప్కో మార్పిడి అంత సాఫీగా సాగడానికి ఆనాటి పికప్‌ల నిర్మాణం పెద్ద కారణం. వాటి ముందు భాగంలో కమాన్ కట్టల మీద నిలిచిన గట్టి ఇనుప దూలం ఉండేది. ఆ దూలాన్ని విప్పి, అదే కట్టలున్న చోట నడిచే ఇరుసును పెట్టడమే పని. 1960లో షెవ్రొలే టూ వీల్ డ్రైవ్ పికప్‌లకు దూలం తీసేసి, ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే సస్పెన్షన్ తెచ్చింది. ప్రయాణం మెత్తబడింది. ఫోర్ వీల్ డ్రైవ్ రకానికి మాత్రం కమాన్ కట్టలూ గట్టి ఇరుసూ అలాగే ఉంచి, కంపెనీ సొంతంగా తయారుచేయడం మొదలుపెట్టింది. ఒకే పేరున్న రెండు బండ్ల ముందు భాగాలు వేరైపోయాయి. కిట్ కొని బోల్టులు బిగించే రోజులు ఆ మార్పుతో ముగిశాయి.

టయోటా హైలక్స్ విషయంలోనూ ఇదే కథ. 1979లో వచ్చిన ఫోర్ వీల్ డ్రైవ్ రకానికి కమాన్ కట్టల మీద గట్టి ముందు ఇరుసు ఉంటే, టూ వీల్ డ్రైవ్ రకానికి టార్షన్ బార్‌లతో విడి సస్పెన్షన్ ఉండేది. అలాంటి బండిని మార్చాలంటే ముందు సస్పెన్షన్ మొత్తం కోసేసి, కమాన్ కట్టలకు కొత్త ఆధారాలు వెల్డు చేసి, స్టీరింగు బాక్సు చోటు మార్చాలి. దానికి పెట్టే ఖర్చుతో ముందే ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న పాత బండి వచ్చేస్తుంది. అందుకే చాలామంది మెకానిక్‌లు ఇంకో దారి చెబుతారు: ఫోర్ వీల్ డ్రైవ్ ఛాసిస్ పూర్తిగా తెచ్చి, ఉన్న క్యాబిన్‌నూ తొట్టినీ దాని మీద కూర్చోబెట్టడం. అప్పుడు నిజానికి మారేది బండి కాదు, దాని పై తొడుగు.

ఇంకో రకం బండ్లు కూడా ఉన్నాయి. 1998లో అమెరికాలో టయోటా తెచ్చిన టకోమా ప్రీరన్నర్ వెనక చక్రాలతోనే నడుస్తుంది, కానీ ఎత్తూ సస్పెన్షనూ ఫోర్ వీల్ డ్రైవ్ టకోమావే. ఇలాంటివాటిలో ముందు డిఫరెన్షియల్‌కు చోటు అప్పటికే ఉంటుంది కనుక పని చాలావరకు నట్లు బోల్టులతో సాగుతుంది. మార్చడానికి దిగే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఇక్కడే దొరుకుతుంది: ఈ బండికి ఫోర్ వీల్ డ్రైవ్ తోబుట్టువు ఉందా, ఉంటే ఈ రెండూ ఎక్కడ వేరవుతున్నాయి? కొత్త బండ్లలో ఆ తేడా ఇనుముతో ఆగదు. బ్రేకుల ఎబిఎస్, ఇంజిన్ కంప్యూటరు కూడా ఏ చక్రాలు నడుస్తున్నాయో తెలుసుకుని పనిచేసేలా రాసి ఉంటాయి.

మన దగ్గర

తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన ఇసుజు ఫ్యాక్టరీ నుంచి రెండు రకాల డి-మ్యాక్స్ పికప్‌లూ వచ్చాయి. సరుకు మోసే టూ వీల్ డ్రైవ్ రకం, ఫోర్ వీల్ డ్రైవ్ వి-క్రాస్. ఒకే ఊళ్లో తయారై పక్కపక్కనే ఉన్న ఈ రెండింటినీ చూసి, మొదటిదాన్ని కొని రెండోదిగా మార్చుకోవచ్చు కదా అనిపించడం సహజం. నల్లరేగడి పొలాల్లో వానాకాలం ఖాళీ బండి నడిపినవారికి ఆ కోరిక మరీ సహజం.

చట్టం మాత్రం దీనికి అడ్డు చెబుతుంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తేడాపడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వివరిస్తూ తయారీదారు ఇచ్చిన మూల నిర్మాణాన్ని మార్చడం కుదరదని స్పష్టం చేసింది. ఛాసిస్ మార్చే దారిలో చిక్కు ఇంకా పెద్దది. చట్టం దృష్టిలో బండికి ఆనవాలు ఛాసిస్ నంబరే. బ్రేకులు, స్టీరింగు, గురుత్వ కేంద్రం అన్నీ మారిపోయే ఇలాంటి పనికి ఎవరో ఒకరు బాధ్యత వహించాలన్నది ఆ నిబంధన వెనక ఉన్న న్యాయమైన ఆలోచన. ఎత్తు పెరిగిన బండి మలుపులో తేలికగా బోల్తా పడుతుంది. అందులో ప్రయాణించే మనుషులకు ఆ మార్పు సంగతి తెలియకపోవచ్చు.

నాలుగు చక్రాలు చేయలేనివి

మార్పిడి అంతా సరిగ్గా జరిగిందనుకుందాం. ముందు, వెనక ఇరుసుల్లో మామూలు డిఫరెన్షియల్‌లే ఉంటే, ముందొక చక్రం, వెనకొక చక్రం గాలిలోకి లేచిన క్షణాన బండి ఆగిపోతుంది. డిఫరెన్షియల్ కుడి, ఎడమ చక్రాలకు సమానమైన బలమే ఇస్తుంది. గాలిలో తిరిగే చక్రానికి బలం అక్కర్లేదు కనుక నేల మీదున్న దాని జోడుకు కూడా బలం అందదు. పేరుకు నాలుగు చక్రాల నడక, పనికి సున్నా. కుడి, ఎడమ చక్రాలను కలిపి బిగించే డిఫరెన్షియల్ లాక్‌లు వచ్చింది ఈ లోటు తీర్చడానికే. వెనక ఇరుసుకు ఒక్క లాక్ బిగిస్తేనే చాలామంది అవసరం తీరిపోతుంది. ముందు ఇరుసు జోలికి వెళ్లకముందే ఆ దారి ఆలోచించడం మంచిది. చట్టం ముందూ జేబు ముందూ అదే తేలిక.

అన్నిటికంటే ముఖ్యమైనది బ్రేకు. ఇప్పటి ఏ బండిలోనైనా బ్రేకు నాలుగు చక్రాలకూ ముందు నుంచీ ఉంది. అంటే ఆగే పనిలో బండి బరువంతా మొదటి రోజు నుంచే వాడుకలో ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ దానికి కొత్తగా చేర్చేదేమీ లేదు. తడి వాలు ఎక్కగలిగిన బండి అదే వాలు దిగేటప్పుడు ఆగగలదన్న హామీ లేదు. పైగా చేర్చిన ఇనుము బరువు దిగేటప్పుడు కిందికే లాగుతుంది. ఎక్కే శక్తి ఆరు రెట్లు పెరిగి, ఆగే శక్తి ఉన్నచోటే ఉండిపోయిన బండిని నడిపేవారు, మార్చకముందుకంటే ఎక్కువ జాగ్రత్తగా నడపాలి.

అందుకే మార్పిడికి పూనుకునేవారు ముందు తమ దారిని కొలవాలి. ఖాళీ బండి ఏడాదిలో కొద్ది రోజులే దిగబడుతుంటే మంచి టైర్లు, వెనక ఇరుసుకు లాక్, తొట్టిలో కొంత బరువు చాలు. దారి ఎప్పుడూ బురదే, ఎప్పుడూ ఎత్తే అయితే ఫ్యాక్టరీలో పుట్టిన ఫోర్ వీల్ డ్రైవ్ బండే చివరికి చవక. ఈ రెంటికీ మధ్య ఉన్న కొద్దిమంది కోసం, చట్టం ఒప్పుకునే చోట, ఈ విద్య ఇంకా బతికి ఉంది. దాన్ని బతికించుకోవడం మంచిదే. ఎందుకంటే ఒక్క చక్రానికి కొత్త పని చెప్పబోతే కీలు, గేరు పన్ను, కోణం, బ్రేకు, నేల ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో పాఠ్యపుస్తకం కంటే ఆ బండే స్పష్టంగా చూపిస్తుంది.